రుచి చూడని వంట

“నిన్నటిలా లేదే.”

పెళ్లయిన కొత్తలో నేను వండిన అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మా ఆయన అన్న మాట అది. కోపంగా కూడా అనలేదు. నిన్న పలుకుపలుకుగా వచ్చింది, ఇవాళ ముద్దయింది, అంతే. పక్కనే కూర్చున్న అత్తయ్య మాత్రం, “రోజూ చేసే పనేగా, రోజూ ఒకేలా రాకపోవడానికేముంది?” అంది. ఆ మాట నా బుర్రలో చాలాకాలం తొలిచింది. నిజమే, ఏముంది?

చాలా ఉందని మెల్లిగా తెలిసింది. బియ్యం నానాలి, పైన నీళ్లు వేలి మొదటి గీత దాకా రావాలి, పొయ్యి కట్టేశాక ఎంత తొందరున్నా కాసేపు మూత తియ్యకూడదు. బంగాళాదుంపల్ని ఒకే సైజు ముక్కలు తరక్కపోతే చిన్నవి చితికిపోయేసరికి పెద్దవి పచ్చిగా మిగులుతాయి. మూకుడు కాగాకే నూనె పొయ్యాలి. ఉల్లిపాయలు వేశాక ఓపిక లేక మంట పెంచితే అంచులు మాడతాయి, మధ్యలో ఉడకవు. ఉప్పుకి ఎప్పుడూ ఒకటే చెంచా. ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు. చెడగొట్టుకుని, మాటలు పడి నేర్చుకున్నా. అలా కొన్నేళ్లకి “నిన్నటిలా లేదే” అనడం ఆగిపోయింది. దాని బదులు ఇంకో మాట వస్తుందేమోనని చూశాను, రాలేదు. రోజూ బాగానే వస్తుంటే దాన్ని ఇక ఎవరూ వంట అనుకోరు, కుళాయి తిప్పితే నీళ్లు రావడం లాంటిదే.

తర్వాత ఆ జ్వరం వచ్చింది. వారం పడుకుని లేచాను. లేచిన రోజు పొద్దున కాఫీ కలుపుకుంటే వేడి నీళ్లు తాగినట్టుంది. ముక్కు దిబ్బడనుకున్నా. దిబ్బడ పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. వాసనతోపాటు రుచీ పోయింది. నాలుక మీద ఉప్పన, తియ్యన లీలగా ఎక్కడో దూరంగా తగిలేవి, అంతే. మిగతాదంతా నోట్లో మెత్తగానో గట్టిగానో తిరిగే వస్తువు.

ఆ సంగతి ముందు కనిపెట్టింది నాతోపాటు పనిచేసే ఇస్త్రీ అక్క. నేను పనిచేసేది ఒక ఆసుపత్రి లాండ్రీలో. పడకల దుప్పట్లు, దిండు గలేబులు, డాక్టర్ల కోట్లు, అన్నీ అక్కడికే వస్తాయి. బ్లీచింగ్ డబ్బా ఒలికి అందరూ ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తితే నేను అక్కడే నిలబడి మడతలు పెడుతున్నానట. అక్క వెనక్కొచ్చి నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. “నీకు వాసన రావట్లేదు కదూ?” అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఇల్లు మొత్తం మీద ఎవరూ అడగని మాట.

అది సూపర్‌వైజర్ చెవిన పడింది. మర్నాడే నన్ను మడతల బల్ల దగ్గర్నుంచి తీసి, మురికి దుప్పట్లు వేరుచేసే గదిలో వేశాడు. రక్తం, చీము, ఇంకా చెప్పకూడనివి. “వాసన తెలిసినవాళ్లు అక్కడ నిలబడలేకపోతున్నారమ్మా. నీకైతే ఇబ్బంది లేదు కదా” అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. ముక్కుకి తెలియకపోయినా కళ్లకి కనపడుతూనే ఉంటుందిగా. రెండు జతల గ్లౌజులు వేసుకుని చేశాను.

ఇంట్లో చెప్పాను. ఆయన టీవీ చూస్తూ అన్నం తింటున్నారు. “ఏవండీ, నాకు వాసన, రుచి తెలియట్లేదు. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టర్ అన్నారు” అన్నాను. ఆయన ముద్ద మింగి, “కూర బాగానే ఉందే” అన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి నా కూర బాగుందని విన్నది ఆ రోజే. అత్తయ్యేమో, “తిండి మీద యావ తగ్గుతుందిలే, ఒళ్లు తగ్గుతావు” అంది.

కూర బాగానే ఉంటుంది మరి. ఉల్లిపాయ రంగు చూసి దించేదాన్ని, నూనె చప్పుడు విని ముక్కలు వేసేదాన్ని, ఉప్పు చెంచా తలకొట్టి వేసేదాన్ని. ఇన్నేళ్లు ఒకేలా రావాలని పడిన పాట్లు నన్ను ఇప్పుడు మరీ నిలువునా దాచేశాయి. నేను రుచీ వాసనా ఎరగకుండా వండుతున్నానని తింటున్నవాళ్లకి తెలిసే దారే లేదు. ఒక్కోసారి ఉప్పు రెండింతలు వేసేద్దామా అనిపించేది. చెయ్యి మాట వినేది కాదు.

వంట సంగతి ఎలాగో సర్దుకున్నా. మా అమ్మాయికి తలస్నానం చేయించి తుడుస్తూ అలవాటుగా దాని మాడు మీద ముక్కు పెట్టాను ఒక ఆదివారం. ఏమీ లేదు. తడి వెంట్రుకలు చల్లగా తగిలాయి. అది నవ్వుతూ, “ఎందుకమ్మా అంతసేపు?” అంది. తువ్వాలు మళ్లీ దాని తల మీద కప్పాను.

పాచిపోయిందో లేదో తేల్చుకోవడమే నాకు చేతకాని పని. దానికి మా అమ్మాయినే పిలిచేదాన్ని. పాలగిన్నె, నిన్నటి కూర, దాని ముక్కు కింద పెట్టి అడిగేదాన్ని. ఆ రోజు అది స్నేహితురాలింటికి వెళ్లింది. మా ఆడపడుచు భోజనానికి వస్తానంది. ముందురాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోయింది. మాంసం గిన్నె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. “కాస్త వాసన చూసి చెప్పండి, పాడైందేమో.”

ఫోన్లోంచి తలెత్తలేదు. “బాగానే ఉంది.”

“చూశారా?”

“చూశానే బాబూ!”

వండాను. ముందు అత్తయ్యకే వడ్డించాను. రెండు ముక్కలు మింగాక ఆవిడ మొహం మారింది. ఆడపడుచు నోట్లోది పళ్లెంలోకి ఉమ్మేసింది. సాయంత్రానికి అత్తయ్య వాంతులతో వాడిపోయింది. నేనే మొహం తుడిచి, బకెట్ కడిగి, మజ్జిగ పట్టించాను. ఆవిడ కళ్లు మూసుకునే, “కావాలని పెట్టావా?” అంది.

ఆయన హాల్లో నిలబడి అరుస్తున్నారు. “వండేదానికి ఆమాత్రం వాసన తెలియదా?”

“తెలియదండీ. అందుకే మిమ్మల్ని చూడమన్నాను.”

“తెలియకపోవడమేంటి?”

ఆడపడుచు నా వైపు తిరిగింది. “అదేంటొదినా, నీకు వాసన రాదా? ఎప్పట్నుంచి?”

“జ్వరమొచ్చినప్పట్నుంచి.”

“అన్నయ్యా, నువ్వు చెప్పనేలేదే!”

“నాకు చెబితే కదా!” అన్నారాయన.

ఆయన మొహంలోకి చూశాను. బొంకడం లేదు. బొంకితే చెవులు ఎర్రబడతాయి ఆయనకి, అది నాకు తెలుసు. నిజంగానే గుర్తులేదు. ఇన్నాళ్లూ, విన్నారు గానీ పట్టించుకోలేదనుకుని లోలోపల పోట్లాడుతున్నాను. ఆ మాట అసలు ఆయన దాకా చేరనే లేదు. నాకు కోపం కూడా రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“రేపట్నుంచి రుచి తెలిసినవాళ్లు వండండి” అన్నాను.

అందరూ అలిగాననుకున్నారు. పొద్దున నేను అమ్మాయికి జడవేసి, రొట్టె డబ్బాలో పెట్టుకుని పనికి వెళ్లిపోయాక గానీ అలక కాదని తెలియలేదు. అత్తయ్య లేచి తిరిగే స్థితిలో లేదు. కొన్నాళ్లు బయట్నుంచి తెచ్చారు. ఆ తిండి ఒంటికి పడక చివరికి ఆయనే పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఒకరోజు మాడింది, ఒకరోజు గంజయింది. విసురుగా గిన్నె సింకులో పడేసేవారు. “ఇంత చిన్న పని నాకు రాకపోవడమేంటి!” అని తనలో తనే అనుకోవడం విన్నాను. నేను లేచి వెళ్లలేదు. చేతులు మాత్రం ఒళ్లో ఊరికే ఉండలేక ఒకదాన్నొకటి నలుపుకునేవి.

ఆ ఆదివారం అన్నం పలుకుగా వచ్చింది. కూర రంగు కూడా బాగుంది. ఆయనే వడ్డించి, తను కలుపుకోకుండా నా ఎదురుగా కూర్చున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వెచ్చగా, మెత్తగా ఉంది. చెమట తుడుచుకుంటూ, మొదటిసారి నా మొహంలోకి అంత ఆత్రంగా చూస్తూ, “ఎలా ఉంది? ఉప్పు సరిపోయిందా?” అని అడిగారు.

మళ్లీ మర్చిపోయారు. ఈసారి నేను గుర్తు చెయ్యలేదు.