తోడికోడళ్ళ కారం

పొద్దున్నే రేపల్లెలో చేపల గంపలతో మొదటి రైలెక్కి తెనాలి మార్కెట్టుకి వెళ్ళేవారు సుబ్బరత్నం, మస్తానమ్మ. తోడికోడళ్ళు. ఒకే పెట్టెలో చెరో మూలా కూర్చునేవారు. మాటల్లేవు.

అరవై నాలుగులో కొత్త పడవ దింపిన రోజు భోజనాలకి మస్తానమ్మ ధనియాలూ లవంగాలూ వేయించి నూరి చేపల పులుసు పెట్టింది. నీచుకంపు కొడుతోందని అందరిముందూ అంది సుబ్బరత్నం. మస్తానమ్మ కుండెడు పులుసూ ఆవిడ కాళ్ళ దగ్గర గుమ్మరించింది. ఆ రోజునుంచి ఒకరు తిన్న కారం రెండోవాళ్ళ నోట్లో మండేది. తిన్నవాళ్ళకి మాత్రం చప్పగా ఉండేది. ఆ ఇళ్ళలో కూరకి కారం సరిపోయిందో లేదో పక్కింట్లో కనుక్కోవాలని వీధిలోవాళ్ళు మామూలుగానే చెప్పుకునేవారు.

బాపట్లలో సుబ్బరత్నం కూతురు సరోజకి తాంబూలాలు మార్చుకుంటుంటే, ఇక్కడ మస్తానమ్మ పీట వేసుకు కూర్చుని పన్నెండు పచ్చిమిరపకాయలు నమిలింది. వియ్యాలవారి ముందు సుబ్బరత్నానికి కళ్ళూ ముక్కూ కారి మాట పెగల్లేదు. తిరిగొచ్చాక నెల్లాళ్ళు టీలో కూడా మిరియాలు దంచి వేసుకుని తాగింది. మస్తానమ్మ నాలుక పొక్కిపోయింది.

ఇలా ఏడేళ్ళు గడిచాక, ఒక ముసురులో సుబ్బరత్నానికి నెమ్ము చేసింది. ఒళ్ళు చల్లబడింది. డాక్టరిచ్చిన మందూ దిగలేదు. కొడుకు పేరయ్య కషాయం పోస్తే పెదాల పక్కనుంచి కారిపోయింది.

నాలుగు రోజులుగా నోట్లో ఏ కారమూ తగలక మస్తానమ్మ పేరయ్యని పిలిచింది.

"ఏంటి, మీ అమ్మ తినటం మానేసిందా?"

"గుటక పడట్లేదు పిన్నీ."

"నాతో తేల్చుకోకుండా పోదామనుకుంటోంది," అంది మస్తానమ్మ.

శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి కుండెడు నీళ్ళలో మరగబెట్టింది. తోడికోడల్ని తిడుతూనే గ్లాసు మీద గ్లాసు తాగింది. తనకది ఉత్త వేడినీళ్ళే. రెండుసార్లు వాంతయింది. మళ్ళీ కాచుకుంది.

అవతల సుబ్బరత్నానికి చెవులు ఎర్రబడ్డాయి. నుదుట చెమట పట్టింది. సాయంత్రానికి గొంతులో కఫం తెగిపడి కళ్ళు తెరిచింది.

"అది నన్ను చంపేస్తోందిరా," అంది.

పేరయ్య జరిగింది చెప్పాడు. వారం తర్వాత ఆవిడ లేచి కూర్చుంటే, పిన్నితో ఒక్క మాట మాట్లాడమని బతిమాలాడు.

"దాంతో నాకు మాటలేంటి?" అంది సుబ్బరత్నం. మళ్ళీ తనే, "రేపట్నుంచి నా కూరలో కారం సగమే వెయ్యమని నీ పెళ్ళానికి చెప్పు. దాని కడుపు ఇంకా కుదుటపడలేదంటగా," అంది.