నేను పెట్టిన టిక్కు

నాకు ముక్కు మీద కోపమని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతున్నాను. గౌను బిగుతైందని వచ్చినవాళ్లతో, తప్పు నా టేపుది కాదు, మీ తిండిదని మొహం మీదే చెప్పే రకాన్ని. అందుకే మా అమ్మాయి నాతో ఏదైనా చెప్పే ముందు గొంతు సవరించుకుంటుంది.

ఆ రోజూ అలాగే సవరించుకుంది. అప్పటికి దాని కొడుకు బుడ్డోడికి ఆరు నెలలు. అది ఆఫీసుకు పోతూ వాణ్ణి నా దగ్గర దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళుతుంది. టీకాలు వేసే నర్సు ఒక కాగితం ఇచ్చిందట. మెత్తటివీ గరుకువీ ముట్టించాలి, గోరువెచ్చటి నీళ్లలో చేతులు ఆడించనివ్వాలి, రంగుల గుడ్డ కళ్ల ముందు తిప్పాలి, వెనక నుంచి చప్పుడు చేస్తే తల తిప్పుతాడేమో చూడాలి. ఒక్కో ఆటకు ఎదురుగా ఒక్కో గడి. వాడు స్పందిస్తే టిక్కు పెట్టి, వారంలోగా తెచ్చి చూపించమన్నారు.

గుడ్డల సంగతి నాకు వదిలెయ్యమన్నాను. వెల్వెట్టు, శాటిన్, తువ్వాలు గుడ్డ, గోనె, పేజీకొకటి చొప్పున వాడికో పుస్తకం కుట్టాను. వాడు వెల్వెట్టు పేజీని చెంపకు రుద్దుకుని కిలకిలా నవ్వాడు. నీళ్ల గిన్నె ముందు కూర్చోబెడితే లేవనంటాడు. అన్ని గడులూ నిండాయి, ఒక్కటి తప్ప. అమ్మాయి ప్లాస్టిక్ సీసాలో గుండీలు పోసి, మూత గట్టిగా బిగించి, వాడి వెనక నిలబడి గలగలలాడించింది. వాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. మర్నాడూ అంతే.

“అమ్మా, వీడికి వినపడుతోందంటావా?” అని అడిగింది. దాని గొంతులో వణుకు నాకు తెలిసింది. తెలిసి మరీ కోప్పడ్డాను.

నా దగ్గర సాక్ష్యం ఉంది మరి. వాడి చెక్క తొట్టి నా మిషను బల్లకు ఆనించే ఉంటుంది. ఎంత గుక్కపట్టి ఏడుస్తున్నా, మోటారు నడిపితే టక్కున ఊరుకుంటాడు. ఆపితే మళ్లీ రాగం మొదలు.

“వినపడకపోతే మిషను ఆగిందని వాడికెవరు చెప్పారే? లేనిపోని రోగాలు అంటగట్టకు,” అని దాని నోరు మూయించాను. అంతటితో ఊరుకున్నానా? పెన్సిలు లాక్కుని, ఆ ఆఖరి గడిలో నేనే టిక్కు పెట్టాను. అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. మొన్న సోమవారం ఒక ఫంక్షను హాలు కర్టెన్ల పని వచ్చింది. మందపాటి బట్ట, బల్ల దాటి బారెడు కిందికి జారుతోంది. అది పడ్డానికి చోటు కావాలని తొట్టిని మూరెడు దూరం జరిపాను. కాసేపటికి బుడ్డోడు లేచి ఏడుపు అందుకున్నాడు. అలవాటుగా మిషను నడిపాను. ఊరుకోలేదు. పాలు పట్టాను, గుడ్డ మార్చాను, పళ్లొస్తున్నాయేమోనని చిగుళ్లు తడిమాను. మళ్లీ పడుకోబెట్టి మిషను నడిపితే మళ్లీ అదే ఏడుపు.

విసుగొచ్చి, మిషను ఆడుతుండగానే కాలితో తొట్టిని లాగాను. అది బల్లకు తగిలిన క్షణాన వాడు ఊరుకున్నాడు. తొట్టిని వెనక్కి నెట్టాను. ఏడ్చాడు. ఆనించాను. ఊరుకున్నాడు. అలా ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. మిషను చప్పుడు ఒక్కటే, గదంతా నిండి ఉంది. వాడికి అందుతున్నది చప్పుడు కాదు, చెక్క గుండా వచ్చే అదురు.

మిషను ఆపి, వాడికి పుస్తకం ఇచ్చి, వెనక నిలబడి పిలిచాను. నేను అరిస్తే సందు చివర సైకిలువాడు కూడా ఆగుతాడు. రెండు గిన్నె మూతలు గాల్లోకెత్తి ఠంగుమని కొట్టాను. వాడు వెల్వెట్టు అంచు చీకుతూ కూర్చున్నాడు. ఆ కాగితం చూసి నర్సు అంతా బాగుందనుకుని ఉంటుంది. పసివాడి రెండు నెలలు నా పొగరు మింగేసింది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అమ్మాయికి కలిపాను.

“నేను పెట్టిన టిక్కు తప్పే తల్లీ. వాడికి వినపడట్లేదు.”



“ఆ టిక్కు నేను బస్సులోనే చెరిపేశానమ్మా,” అంది. “నర్సుకు ఖాళీ గడే చూపించాను. చెవుల పరీక్ష ఎల్లుండి. ఆసుపత్రిలో అంతకంటే ముందు తేదీ దొరకలేదు.”

అమ్మయ్య అని ఒళ్లంతా తేలికపడింది. ఆ వెంటనే, నాకు ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

“తిడతావని.”

రెండు నెలలు రోజూ సాయంత్రం నా పక్కనే కూర్చుని టీ తాగింది. ఆ భయాన్నంతా ఒక్కతే మోసింది, నేను పక్కనుండి కూడా. నాకు ఏడుపొచ్చింది.

ఎల్లుండి నేనూ రావచ్చా అని అడగాలనుకున్నాను. అడిగే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది. అది రమ్మంది.

కర్టెన్ల బట్ట తీసి మూల పడేశాను. తొట్టిని బల్లకు ఆనించి, దారం కూడా ఎక్కించకుండా, వాడు నిద్రపోయేదాకా ఉత్తి మిషను నడుపుతూ కూర్చున్నాను.