పేగుల ప్రొఫెసరు వేణ్ణీళ్లు

బేకరీ మేస్త్రి తల్లికి ఐదు రోజులుగా విరేచనాలు. పన్నునొప్పికి వాడిన యాంటీబయాటిక్స్ పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులను కూడా చంపాయని డాక్టరు చెప్పాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు మానకుండా తాగించమని, పూటకో పొట్లం ఈస్టు పొడి ఇవ్వమని రాశాడు. యాంటీబయాటిక్స్ ఈస్టును ఏమీ చేయలేవట. రెండు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు.

పొడి కలిపే పనిని మేస్త్రి బావ తన నెత్తిన వేసుకున్నాడు. బావ ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆరు వారాలుగా ఫోన్లో వీడియోలు తీసి ఆరోగ్య పాఠాలు చెబుతున్నాడు. చూసేది పదకొండు మంది, అందులో ఏడుగురు చుట్టాలు. ఇంట్లో ఆయన పేరు పేగుల ప్రొఫెసరు.

రెండో రోజు మేస్త్రి పని నుంచి వచ్చేసరికి బావ గ్లాసును గుడ్డతో పట్టుకుని పొడి కలుపుతున్నాడు. ఆవిరి లేస్తోంది.

"నీళ్లు ఎంతసేపు కాచావు బావా?"

"తెర్లిందాకా. వేణ్ణీళ్లు పేగుల్ని కడుగుతాయి. మూడో పాఠంలో చెప్పాను, నువ్వు చూసి చస్తేగా."

"మొదటినుంచీ ఇంతేనా?"

"ఈ ఇంట్లో ఒకడికైనా సైన్సు తెలియాలి కదరా."

మేస్త్రి ఇరవై రెండేళ్లుగా ఈస్టుతో పిండి పులియబెడుతున్నాడు. మణికట్టు మీద నీళ్లు పోసుకుని చూడకుండా ఏనాడూ ఈస్టు కలపలేదు. రెండు గ్లాసుల్లో చెంచాడేసి పంచదార వేశాడు. ఒకదాంట్లో బావ నీళ్లు, రెండోదాంట్లో గోరువెచ్చటి నీళ్లు పోసి, చెరో పొట్లం విప్పాడు.

గంటకి గోరువెచ్చటి గ్లాసులో నురగ తేలింది. బావ గ్లాసులో పొడి అడుక్కి దిగింది.

"ఇది బతికుంది. అది పీనుగు. నాలుగు పూటలుగా మా అమ్మకి పీనుగుల్ని తాగించావు."

బావ గ్లాసుల్లోకి తొంగిచూశాడు. "ఆ నురగంతా గ్యాసే. అందుకే మరిగించాను."

మంచం మీంచి తల్లి అంది: "అల్లుడూ, నీ పాఠాలు కూడా ఓసారి మరిగించు నాయనా. వాటిలో పురుగులూ చస్తాయి."

ఆ పూట నుంచి మేస్త్రే కలిపాడు. మర్నాడు డాక్టరు వచ్చేసరికి ఆమె విరేచనానికి ఒక్కసారే లేచింది. ఆసుపత్రి అక్కర్లేదన్నాడు. తగ్గింది పొడితోనో ఉప్పునీళ్లతోనో చెప్పలేనన్నాడు.

ప్రొఫెసరు చెప్పగలిగాడు. అత్తగారిని తాను ఈస్టుతో ఎలా బతికించుకున్నాడో సాయంత్రానికల్లా పాఠం చెప్పేశాడు. వెనక స్టవ్వు మీద నీళ్లు తెర్లుతున్నాయి.

ఈసారి చూసింది పది మంది. అత్తగారు చూడటం మానేసింది.