టిష్యూ మీద చుక్క

కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని, దాన్ని నీళ్లతో చల్లబరిచే పనికి అల్లుడు నడుం బిగించాడు. లోపల గొట్టాలు అమర్చి, చిన్న పంపు పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోశాడు. ముందు లీకులు చూసుకోవాలి కాబట్టి కరెంటు ఒక్క పంపుకే ఇచ్చి, ప్రతి అతుకు కిందా టిష్యూ పేపరు పరిచాడు. అవి ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేశాడు, కిటికీ మూశాడు, కంప్యూటర్ మీదికి వంగి కాపలా కూర్చున్నాడు.

పావుగంటకి ఒక టిష్యూ మీద తడి కనిపించింది. నీళ్లన్నీ తోడి, ఆ అతుకు విప్పి మళ్లీ బిగించాడు. ఈసారి ఇంకో టిష్యూ తడిసింది. మూడోసారి విప్పేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కోపం నెత్తికెక్కింది. గొట్టాలు అమ్మినవాణ్ణి ఏడు తరాలతో కలిపి తిట్టుకున్నాడు.

ఇక లాభం లేదని పక్కగదిలోని మామగారిని పిలిచాడు. ఆయన ముప్పై ఏళ్లు ప్లంబింగ్ చేసిన మనిషి. ఏ తడి ఎక్కడిదో తేల్చడానికి ఆయనకు ఒకటే పద్ధతి. చుక్కను వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నారు.

"మీరు పోసిన నీళ్లు చప్పగా ఉంటాయి కదూ?"

"అవునండీ, అందులో ఉప్పూ కారం ఏముంటుంది?"

"ఇది ఉప్పగా ఉందే!"

మామగారు తలెత్తి, అల్లుడి ముక్కు చివర వేలాడుతున్న చుక్కను చూశారు. గబగబా నాలుక తుడుచుకుని, వెళ్లి ఫ్యాను వేశారు. టిష్యూలు గదంతా ఎగిరాయి.

"గొట్టాలు గట్టివే అల్లుడుగారూ. కారుతున్నది మీరు."