అరచేతిలో మూడు అక్షరాలు

నా లాప్‌టాప్ నోరు తెరవందే నాకు తెల్లవారదు. పన్నెండో ఏట నాకు చూపు పోయింది. తెర మీద ఏముందో చదివి చెప్పేది అందులో ఉండే గొంతే. ఆ రోజు ఏడున్నరకు బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, కాసేపటికి ఆగింది, మళ్ళీ మొదటి నుంచి తిరిగింది. గొంతు మాత్రం రాలేదు. నాలుగుసార్లు అదే వరస.

ఆఫీసు హెల్ప్‌డెస్క్‌లో ఉండే రాకేశ్‌కు ఫోన్ చేశాను. తెర నీలంగా మారి ఆగిపోతున్నట్టుంది, దాని మీద ఏం రాసుందో ఫొటో తీసి పంపమన్నాడు. నా ఫోన్ కెమెరా పగిలి నెలైందని, పైగా నాకు కళ్ళు కనబడవని గుర్తు చేశాను. అయ్యో సారీ అని, పోనీ అక్కడున్నది చదివి చెప్పమన్నాడు. మంచివాడే. కాకపోతే వాడి ముందున్న ప్రశ్నల కాగితం నాలాంటివాళ్ళను తలచుకుని రాసింది కాదు.

పది గంటలకు ఆన్‌లైన్ మీటింగ్. మాదాపూర్‌లో ఉన్న మా కంపెనీకి నేను ఇంటి నుంచి చేసే పని, వెబ్‌సైట్లు చూపులేనివాళ్ళకు పనికొస్తాయో లేదో పరీక్షించడం. ఆ పనిలో నన్ను మించినవాడు అక్కడ లేడు, ఈ మాట నేనే చెప్పుకోవాలి. మూడు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో ఆఖరు. క్లయింటు ముందు పని చేసి చూపిస్తే, నన్ను ఉంచాలో పంపాలో మా మేనేజర్ వసంతగారు తేలుస్తారు. చేరిన వారంలోనే ఆవిడ అడిగారు, నార్సింగిలో ఒక్కడివే ఉంటావు కదా, ఏదైనా ఆగిపోతే ఎవరు చూస్తారని. ఎవరూ అక్కర్లేదు మేడం అని ఛాతీ విరుచుకుని చెప్పాను.

ఎనిమిదికి మెట్ల మీద చీపురు చప్పుడు వినబడింది. మా బిల్డింగు వాచ్‌మన్ ఐలయ్య భార్య నీలమ్మ. నేను మెట్లు దిగుతుంటే వచ్చి మోచెయ్యి పట్టుకునేది. పోయిన నెల ఒక రోజు, నన్ను గొర్రెలాగా తోలకు అని కసిరాను. అప్పటి నుంచి దూరంగా నిలబడి దారిలో బకెటుందనో, నేల తడిగా ఉందనో చెప్పి ఊరుకుంటోంది. ఆ నీలమ్మనే ఇప్పుడు తలుపు తీసి పిలవాల్సి వచ్చింది. నా మొహం నాకు కనబడదు కాబట్టి సరిపోయింది.

లోపలికి వచ్చి చూసి, అంతా నీలంగా ఉందని, పైన ఏడుపు మొహం లాంటిదేదో ఉందని, కింద ఏదో రాసుందని చెప్పింది. ఏది పాడైందో దాని పేరు ఆఖరి వరుసలో ఉంటుంది, అది తెలిస్తే చాలు. డిస్కు పాడైతే ఆ రోజుకు నా పని అయిపోయినట్టే. వేరేదైతే దారి ఉంది.

"నాకు అంకెలు తప్ప సదువు రాదు తమ్మీ" అంది నీలమ్మ.

"చదవకక్కా. ఆఖరి వరుసల చూసింది చూసినట్టు నా చేతిల గియ్యి" అని అరచెయ్యి చాపాను.

నీలమ్మ తడి చేతిని చెంగుకు తుడుచుకుని నా అరచేతిలో వేలు పెట్టింది. రెండు ఏటవాలు గీతలు కింద కలిశాయి. అంతలో ఫ్యాన్ ఆగింది, యంత్రం మళ్ళీ మొదలైంది. నీలం వచ్చేదాకా ఇద్దరం ఎదురుచూశాం. రెండోసారి గుండ్రంగా సున్నా. మూడోసారి నిలువుగా ఒక్క గీత. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో వి, ఓ, ఎల్.

మూడక్షరాలకే నాకు అర్థమైంది. మీటింగులో లాప్‌టాప్ గొంతు గట్టిగా వినబడాలని ముందురోజు సాయంత్రం నేనే వేసుకున్న, శబ్దం పెంచే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని పేరు అలాగే మొదలవుతుంది. తిట్టుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

ఇన్నిసార్లు ఆగాక మరమ్మతు తెర దానంతటదే వచ్చింది. అక్కడ లాప్‌టాప్ గొంతు పలకదు. మెనూల వరస నాకు నోటికి వచ్చు. నేను బాణం మీటలు నొక్కుతుంటే, వెలుగు ఎన్నో పెట్టె మీదికి వచ్చిందో నీలమ్మ చెప్పింది. యంత్రాన్ని పాత తేదీకి వెనక్కి తిప్పే చోట తేదీలు తనే చదివింది. నిన్నటికి ముందుది ఎంచుకుని ఎంటర్ నొక్కాను. మళ్ళీ ఆగుతుందేమో, పది దాటేదాకా ఉండక్కా అని బతిమాలితే స్టూలు మీద కూర్చుంది. తొమ్మిదీ పావుకు గొంతు పలికింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మీటింగ్ బ్రహ్మాండంగా జరిగింది. క్లయింటు వెళ్ళాక వసంతగారు, పొద్దున సిస్టం ఆగిపోయిందని రాకేశ్ చెప్పాడు, ఇంట్లో ఎవరైనా సాయం ఉన్నారా అని అడిగారు.

"ఎవరూ లేరు మేడం. నేనే చూసుకున్నాను."

హెడ్‌సెట్ ఒక చెవికే పెట్టుకున్నాను. రెండో చెవికి వెనకాల స్టూలు కదిలిన చప్పుడు, తలుపు మెల్లగా దగ్గరికి వేసిన చప్పుడు వినబడ్డాయి. మీటింగ్ ముగిసింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. హోటల్లో నా పక్కవాణ్ణి "ఈయనకు చక్కెర వెయ్యాల్నా" అని అడిగేవాళ్ళ మీద నేను ఎన్నిసార్లు మండిపడ్డానో లెక్కలేదు. మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడతారని నా కోపం. ఇప్పుడు ఆ పని నేనే చేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మెట్ల దగ్గరికి వెళ్ళాను. నీలమ్మ ఊడుస్తోంది. తప్పయిందక్కా అన్నాను.

"దానికేంది తమ్మీ. నేను పనిచేసిన ఇండ్లల్ల సార్లందరు అట్లనే అంటరు."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. అక్కడే నిలబడి వసంతగారికి ఫోన్ చేశాను. ఇందాక అబద్ధం చెప్పానని, నీలమ్మ చూసి చెప్తేనే బాగు చేయగలిగానని, ఆమె లేకపోతే మీటింగే లేదని చెప్పాను. చీపురు ఆగింది. ఉద్యోగం పోతే పోయిందని నిజంగానే అనుకున్నాను.

మళ్ళీ ఇలా అయితే ఆవిడ వస్తారా అని అడిగారు వసంతగారు.

మళ్ళీ అన్నారంటే ఉద్యోగం ఉన్నట్టే. కానీ వచ్చేదీ రానిదీ నేను చెప్పేది కాదు. స్పీకర్ పెట్టి, ఫోను ఆమె వైపు చాపాను. మేడం నిన్నే అడుగుతున్నదక్కా అన్నాను. నీలమ్మ రెండు మెట్లు దిగి దగ్గరికొచ్చింది.

"ఈడనే ఉన్న మేడం" అంది.