బోన్ రంగు చాకు

ఉపేంద్ర ఒక వస్తువు కొన్నాడంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్విపోశాకే కొన్నాడని అర్థం. పరాయిదేశంలో, విక్టోరియా రాష్ట్రంలోని క్లైడ్ నార్త్ పేటలో ఇల్లు కట్టించుకుంటున్నప్పుడు వంటింటి కుళాయి ఏది పెట్టించాలో ఆయన తేల్చేలోపు బిల్డరు పక్కవాళ్ల ఇల్లు పూర్తిచేసి తాళాలు కూడా ఇచ్చేశాడు. అలాంటి మనిషిని కూతురు ఓ జేబుచాకు కొనమంది. పాపం, చిన్నపిల్ల! తెలియక అడిగింది.

అనన్యకి పదకొండేళ్లు. స్కౌట్స్‌లో చేరింది. స్ప్రింగ్ సెలవుల్లో, అంటే ఇక్కడ దసరా రోజుల్లో, క్యాంపు ఉంది. అక్కడ పిల్లలు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చిన్న కొయ్యముక్కని చాకుతో చెక్కి చెంచా తయారుచేస్తారట. చాకు ఇంటినుంచే తెచ్చుకోవాలి.

"డాడ్, నువ్వే రావాలి. జస్ట్ యూ అండ్ మీ. ప్రామిస్?" అంది.

కిందటేడు క్యాంపుకి ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందని ఎగ్గొట్టాడు. అంతకుముందు స్కూల్లో ఈతపోటీలకి కూడా ఇదే కథ. ఇంకో రెండేళ్లు పోతే ఈ పిల్ల తనని ఎక్కడికీ రమ్మని పిలవదని ఉపేంద్రకి తెలియకపోలేదు. అందుకే ఈసారి తప్పకూడదని గట్టిగా అనుకున్నాడు. ఉపేంద్ర గట్టిగా అనుకుంటే ఏం చేస్తాడు? ఎక్సెల్ తెరుస్తాడు.

జేబుచాకు అంటే ఒక చాకేననుకున్నాడు, వెర్రిబాగులవాడు. ఒకే కంపెనీ, ఒకే ఆకారం, అందులోనే ఎన్నో లైన్లు. పనివాళ్ల కోసం పసుపురంగు ప్లాస్టిక్ పిడి లైను ఒకటి, రోజ్‌వుడ్ పిడి లైను ఒకటి, వీటన్నిటికీ పైన మెరుగుపెట్టిన 'బోన్' లైను. మళ్లీ ప్రతి దాంట్లోనూ తుప్పు పట్టే ఉక్కా, పట్టని ఉక్కా అన్న మీమాంస. తుప్పు పట్టనిదే మంచిది కదా అనుకుంటారు మీరూ నేనూ. కాదట! పట్టేది కొనడమే అసలైన రసికుడి లక్షణమని వీడియోలలో గడ్డాలవాళ్లు ఒట్టేసి చెబుతున్నారు.

ఉపేంద్రకి బుర్ర వేడెక్కింది. విషయాన్ని 'క్లైడ్ నార్త్ తెలుగు డాడ్స్' గ్రూపులో పెట్టాడు. సోలార్ ప్యానెళ్ల దగ్గర్నుంచి పరుపుల దాకా ఆ పేటలో ఏ ఇంట్లో ఏది కొన్నా ఆ గ్రూపు ఆశీర్వచనం ఉండాల్సిందే. అందరికంటే ముందు దూకేవాడు భార్గవ్. పగలు బ్యాంకులో ఉద్యోగం, మిగతా టైమంతా షేర్లు.

"బ్రో, ఈ మోడల్ పేరు చూశావా? స్టాక్‌మాన్! మనలాంటి ట్రేడర్స్ కోసమే చేశారు. కళ్లు మూసుకుని తీస్కో" అని మెసేజ్ పెట్టాడు.

ఈ దేశంలో స్టాక్ అంటే పశువులనీ, స్టాక్‌మాన్ అంటే వాటిని తోలుకెళ్లేవాడనీ ఎవరో సరిదిద్దేలోపు ఆ మెసేజ్‌కి బోలెడన్ని లైకులు పడ్డాయి. ఇంకొకాయన చట్టం తిరగేసి, విక్టోరియాలో సరైన కారణం లేకుండా జేబుచాకుని జేబులో పెట్టుకుని తిరగకూడదని తేల్చాడు. దాంతో పెట్టుకోకూడని జేబులో ఏ లైను చాకు పెట్టుకోకుండా ఉంటే హుందాగా ఉంటుందన్న దాని మీద మరో వారం చర్చ నడిచింది.

"చెంచా చెక్కడానికా, చెట్లు కొట్టడానికా అండీ?" అంది భార్య నీరజ. "ఏదో ఒకటి కొనండి. పిల్ల రోజూ పార్సిల్ వచ్చిందా అని నన్నడుగుతోంది."

"ఏదో ఒకటి అంటే ఎలా? ఇది లైఫ్ లాంగ్ ఉండేది."

చివరికి బోన్ లైను దగ్గర ఆగాడు. ఉక్కు గట్టిదనం చదివాడు, స్ప్రింగు బిగువు చదివాడు, పాలిష్ గురించి కూడా చదివాడు. 'బోన్' అన్న మాట దగ్గర మాత్రం ఆగలేదు. ఎందుకాగాలి? కొత్తిల్లు కట్టినప్పుడు రంగుల ఎంపికలో నెలలు తన్నుకుని హాలు గోడలకి వేయించిన రంగు పేరు బోనే కదా! పాలమీగడలో కాస్త టీ కలిపినట్టుండే రంగు.

"మన వాల్స్‌కి మ్యాచ్ అవుతుంది" అన్నాడు భార్యతో. ఆవిడ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

పార్సిల్ సరిగ్గా నవరాత్రుల్లో దిగింది. తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న అత్తగారు కనకదుర్గమ్మ ఎదురెళ్లి మరీ అందుకుంది. ఆవిడ ఆచారం సంగతి చెప్పాలంటే, గుడ్డు వేసిన కేకు పెట్టారని ఆ ఇంటి ఫ్రిజ్‌ని పసుపునీళ్లతో కడిగించిన మనిషి. "ఆయుధపూజకి అమ్మవారే పంపించింది, ఇంట్లో వంకాయలు తరుక్కునేవి తప్ప ఒక్క మంచి ఆయుధం లేదు" అంటూ చాకుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దుర్గమ్మ పటం ముందు ల్యాప్‌టాపుకీ కారు తాళాలకీ మధ్యన కూర్చోబెట్టి హారతిచ్చింది. ఉపేంద్ర కళ్లకద్దుకున్నాడు. ఫోటో గ్రూపులో పెట్టాడు.

క్యాంపు యూకలిప్టస్ చెట్ల మధ్య. చెట్ల కింద దుంగల మీద పిల్లలూ పెద్దలూ జంటలుగా కూర్చున్నారు. అనన్య చేతిలో కొయ్యముక్క పట్టుకుని తండ్రిని ఆనుకుని కూర్చుంది. స్నేహితురాలు లీలకి మాటిమాటికీ తండ్రిని చూపిస్తూ ఒకటే నవ్వు. ఉపేంద్రకి ప్రాణం లేచొచ్చింది. స్కౌట్ లీడరు కెవిన్ అందరి చాకులూ పరీక్షిస్తూ వచ్చి, ఈయన చాకు చూసి ఈల వేశాడు.

"బ్యూటిఫుల్, మేట్! రియల్ బోన్."

"అవును, మా వాల్స్‌ది కూడా ఇదే కలర్" అన్నాడు ఉపేంద్ర ఇంగ్లీషులో, కాస్త గర్వంగా.

"కలర్ కాదు మేట్, ఎముక. ఆవు కాలి ఎముక" అని కెవిన్ తన మోకాలి కింద తట్టి చూపించి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఓరి భగవంతుడా! ఆవు కాలు! అమ్మవారి ముందు! పసుపూ, కుంకుమా, హారతీ! కళ్ల ముందు కనకదుర్గమ్మ మొహం కనబడి ఉపేంద్రకి చెమటలు పట్టాయి. చాకు చేతిలో ఉంచుకోలేడు, పిల్ల చేతికివ్వలేడు, విసిరెయ్యలేడు.

"డాడ్, స్టార్ట్ చేద్దామా?"

"వన్ మినిట్ తల్లీ."

"ఓపెన్ చెయ్యి, డాడ్."

"ఆగమ్మా, గ్రూపులో ఒక్కసారి అడుగుతా."

అక్కడ సిగ్నల్ లేదు. ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కితే ఉందన్నారు. ఎక్కాడు. ఆయాసపడుతూనే ఫోటోతో సహా గోడంతా వెళ్లబోసుకున్నాడు. గ్రూపు భగ్గుమంది. "మృదంగానికి చర్మం వాడట్లేదా బ్రో?" అన్నాడు భార్గవ్. గంగాజలం చల్లమని ఒకరు, రిఫండ్ అడగమని ఒకరు, అత్తగారికి చెప్పకపోతే దోషమే లేదని ఒకరు. గ్రూపులో పెద్దాయన జనార్దనరావు అంకుల్ శాస్త్రప్రకారం వివరిస్తూ వాయిస్ మెసేజ్ పెట్టారు. అది డౌన్‌లోడ్ అవడానికే బోలెడంత సేపు పట్టింది. ఆఖరికి భార్గవ్ ఓటింగు పెట్టాడు. ఉపేంద్ర రాయి మీద కూర్చుని, ఓట్లన్నీ పడేదాకా ఓపిగ్గా చూశాడు. 'వాడొచ్చు' గెలిచింది. హమ్మయ్య అనుకుని పరుగులాంటి నడకతో గుట్ట దిగాడు.

"తల్లీ, డిసైడ్ అయిపోయింది! మెజారిటీ వచ్చింది. ఇంద, పట్టుకో."

దుంగల దగ్గర ఎవరూ లేరు. అందరూ భోజనాలకి లేచిపోయారు. అనన్య ఒక్కతే ఒళ్లో పడిన చెక్కపొట్టు దులుపుకుంటోంది.

"ఫినిష్డ్, డాడ్."

"అయిపోయిందా! ఎవరి చాకుతో?"

"లీలా వాళ్ల డాడ్‌ది. ఆ ఎల్లో ప్లాస్టిక్‌ది."

ఉపేంద్ర మొహం మాడిపోయింది. అయినా నవ్వు తెచ్చుకున్నాడు. "పోన్లే. చెంచా ఏదీ, చూపించు. ఇంటికెళ్లి అమ్మకీ అమ్మమ్మకీ చూపిద్దాం."

"ఇచ్చేశాను. లీలా వాళ్ల డాడ్‌కి."

"ఆయనకెందుకమ్మా? నువ్వు చేసింది కదా, మనింట్లో ఉండాలి కదా!"

మాటమాటకీ ఇంగ్లీషు కలిపే పిల్ల, తండ్రికి సరిగ్గా అర్థం కావాలనేమో, ఈ మాట మాత్రం కూడబలుక్కుని అచ్చంగా తెలుగులో చెప్పింది.

"ఆయన నా పక్కన కూర్చున్నారు."

ఉపేంద్ర చాచిన చాకుని జేబులో పెట్టుకున్నాడు. పిల్ల అలిగి ఉంటే బతిమాలుకునేవాడు, ఏడ్చి ఉంటే ఒళ్లోకి తీసుకునేవాడు. పిల్ల అలగనూ లేదు, ఏడవనూ లేదు. పెద్దమనిషిలా ఆయన భుజం మీద తట్టింది.

"నెక్స్ట్ ఇయర్ నువ్వు రావక్కర్లేదు, డాడ్. ఇట్స్ ఓకే" అని, లీలా వాళ్లు కూర్చున్న బల్ల దగ్గరికి పరిగెత్తింది.