దున్నబిళ్ళ మీద అరిగిన ఏడాది

లొరెయిన్ ఊరి నాణేల సంఘానికి నేను అధ్యక్షుణ్ని. ఆ పదవికి ఇంకెవరూ పోటీ పడలేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం నేనే చెబుతాను: నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తాలి, తుడవకూడదు, కడగకూడదు, ఆమ్లం దగ్గరికి రానివ్వకూడదు.

1996 వేసవిలో మా పక్కింటి ఇర్మా గారు ఓ ఐదు సెంట్ల నికెల్ బిళ్ళ పట్టుకొచ్చారు. ఒకవైపు అడవిదున్న, రెండోవైపు ఆదివాసి తల. దాని మీది ఏడాది అంకెలు అరిగిపోయాయి. దున్నబిళ్ళలకు అది మామూలే. ఏడాదిని ఎత్తుగా ఉన్నచోట అచ్చేశారు, ముందు అదే అరుగుతుంది.

"ఇదెప్పటిదో చెప్పబ్బాయ్," అన్నారు.

ఆమె భర్త ఎమిల్ ఉక్కుమిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అంతకుముందు చలికాలంలోనే పోయాడు. 1936లో ఇద్దరూ మొదటిసారి కలిసి కాఫీ తాగినప్పుడు చిల్లరగా వచ్చిన బిళ్ళ అంటూ దాన్ని బతికున్నన్నాళ్లూ జేబులో పెట్టుకు తిరిగాడు.

"మధ్యలో ఓసారి పోగొట్టాడు. మొహం వేలాడేసుకు తిరిగితే నాకు తెలీదా? తర్వాత కోటు చిరుగులో దొరికిందన్నాడు. వేరేది తెచ్చి పెట్టావు కదా అంటే బైబిల్ మీద ఒట్టేశాడు. ఆ గొడవ తేలకుండానే పోయాడు. ముప్పై ఆరుదో అంతకు ముందుదో అయితే నాదే తప్పు, వెళ్లి చెప్పాలి. తర్వాతదైతే ఆయనది తప్పు. అదీ చెప్పాలి."

"ఎక్కడికి వెళ్లి?"

"శ్మశానానికి. ఇంకెక్కడుంటాడు?"

ఆమె అడిగింది ఏడాది. నేను లోహం గురించి మొదలుపెట్టాను. ఇందులో మూడొంతులు రాగి, ఒక వంతు నికెల్. వెండి కలిపింది యుద్ధకాలపు బిళ్ళల్లోనే. ఏడాది అచ్చేసిన చోట లోహం నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆమ్లం వేస్తే అంకెలు మళ్లీ తేలతాయి. కానీ విలువ సగానికి పడిపోతుంది.

"దేనిలో సగం?"

అడగాల్సిన ప్రశ్నే. ఏడాది లేని దున్నబిళ్ళకు విలువంటూ పెద్దగా ఉండదు.

అప్పుడే దున్న కాళ్ల కింద డి అక్షరం కనబడింది. డెన్వర్ టంకశాల గుర్తు. 1918లో డెన్వర్ వాళ్లు ఏడు అంకె మీదే ఎనిమిది దిద్దిన అచ్చుతో కొన్ని బిళ్ళలు కొట్టారు. అలాంటిది దొరికితే వేల డాలర్లు.

"నా దగ్గర వదిలి వెళ్లండి. పరిశీలించాలి," అన్నాను.

భూతద్దం కింద ఎనిమిది కనబడింది. మర్నాడు దాని కింద ఏడు కూడా కనబడింది. బిళ్ళను హోబార్ట్ దుకాణానికి తీసుకెళ్లాను. అతను నలభై ఏళ్లుగా నాణేలు కొని అమ్ముతున్నాడు.

"ఎనిమిది ఉన్నట్టే ఉంది. ఏడు మాత్రం నీ కళ్లలో ఉంది," అన్నాడు. "ఓ చుక్క ఆమ్లం వేసి చూడరాదూ?"

"విలువ పోతుంది."

"వెయ్యకపోతే విలువుందని ఎలా తెలుస్తుంది, అధ్యక్షా?"

వినబడనట్టు బయటికొచ్చాను.

ఇర్మా గారు కంచె మీదుగా అడుగుతూనే ఉన్నారు.

"తేలిందా?"

"పరిశీలిస్తున్నానండీ."

"బిళ్ళనా, సముద్రాన్నా?"

చివరికి వచ్చి చెయ్యి చాపారు. బిళ్ళ ఇచ్చేశాను. ఇస్తూ ఊరుకోలేక పాఠం అప్పజెప్పాను: "పులుపు ఏదీ తగలనివ్వకండి. ఆఖరికి వెనిగర్ కూడా. నానబెడితే అంకెలు తేలతాయి గానీ బిళ్ళ పాడైపోతుంది."

ఆమె ఏటా వీధి మొత్తానికీ దోసకాయలు వెనిగర్‌లో ఊరబెట్టి పంచే మనిషి. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

వారం తిరక్కుండా పిలిచారు. వంటింటి బల్ల మీద వెనిగర్ గ్లాసు, పక్కన గోధుమరంగుకు తిరిగిన బిళ్ళ. ఏడాది భూతద్దం లేకుండానే కనబడుతోంది. 1938.

నేను చూసిన ఎనిమిది నిజమే. దాని పక్కనున్న మూడునే ఒకటి అనుకున్నాను. ఆ ఏడాది దున్నబిళ్ళలు కొట్టింది డెన్వర్ ఒక్కటే. హోబార్ట్ దుకాణంలో అవి డబ్బానిండా ఉంటాయి.

ఆమెను ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె నవ్వుతున్నారు.

"బైబిల్ మీద ఒట్టేశాడు చూడు, దొంగసచ్చినోడు. నాకు భయపడి ఎంత వెతికి తెచ్చాడో. కారు తియ్యి."

ఎమిల్ సైన్యంలో కూడా చేశాడు. మా వైపు సైనికుల సమాధి రాళ్ల మీద వచ్చినవాళ్లు నాణేలు పెట్టి వెళతారు. ఇర్మా గారు దున్నబిళ్ళను రాయి మీద పెట్టారు.

"ఏమయ్యా, నేనన్నదే నిజమైంది. ఇది నీది, ఉంచుకో. నాది ఎక్కడ పారేశావో నేనొచ్చాక చెబుదువుగాని."

వెనుదిరిగి కారు వైపు నడిచారు. వెనక నేనున్నాను. పాడైపోయిన బిళ్ళ అని నాకు తెలుసు. అయినా వంగి ఎత్తాను. డి అక్షరం మరోసారి చూద్దామని, అంతే.

"అక్కడ పెట్టెయ్యబ్బాయ్," అన్నారు ఆమె, వెనక్కి చూడకుండానే.

పెట్టేశాను. అంచు పట్టుకునే.